ఒక్కటే జాకెట్

"ఏట్ల కొట్టుకపోయేటోళ్లను కాపాడనీకే! జర చేతనైనంత ఎయ్యుండ్రి!"

గద్వాల మార్కెట్‌లో కృప చందా డబ్బా ఊపుతోంది. మెడదాకా బిగించిన లైఫ్ జాకెట్‌లో ఒళ్లు ఉడికిపోతోంది. జూరాల డ్యామ్ గేట్లెత్తారని ఇందాకే తెలిసింది. మునిగేవాళ్లను తీసేందుకు పుట్టి పడవ వేసుకుని ఏట్లోకి పోయిన పెనిమిటి జయపాల్ ఫోనెత్తడం లేదు. ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

నిమ్మకాయలమ్మే సుల్తానాబీ జాకెట్ పట్టుకొని చూసింది.

"ఏందిది బిడ్డా?"

"నీళ్లల్ల పడ్డా మునగనియ్యదమ్మా. గిసొంటియి ఇంకో పది కొనాలె."

"ఇప్పుడెన్నున్నయి?"

"గిదొక్కటే. తొడుక్కొని అడిగితెనే జనం నమ్ముతరని..."

"గిది నీ ఒంటి మీదుంటే, ఏట్ల దిగినోళ్లు ఏం తొడుక్కున్నరు?"

కృప డబ్బా ఊపడం ఆపేసింది. సుల్తానాబీ ఆమె చేతిలోంచి డబ్బా లాక్కుంది.

"చందా నేనడుగుత తియ్. నువ్వు ఉర్కు, ఏటికాడికి బస్సెక్కు!"

బస్సులో సీటున్నా కృప కూర్చోలేకపోయింది. నిలబడే జాకెట్ పట్టీలు విప్పబోయింది. ముడులు ఒక పట్టాన రావడం లేదు.

పొద్దున ఊడిపోకుండా గట్టిగా కట్టి పంపింది జయపాలే.