చిక్కుడు పందిరి కింద

పెరట్లో గోరింకలు ఒకటే గోల.

పళ్ళు తోముకుంటున్న పోలేరయ్య చెయ్యి ఆగిపోయింది. ఆ పెరట్లోకి ముంగిస వస్తుంది. జెముడుకాకి వస్తుంది. వానలు పడితే రొయ్యల గుంటల గట్ల మీది ఉడుము కూడా వచ్చి కోడిగుడ్లు తిని పోతుంది. వాటిని చూసి గోరింకలు ఇంత గోల చేయవు. ఇప్పుడు చిక్కుడు పందిరి చుట్టూ ఎగురుతూ, నేల మీద ఒకేచోటును చూసి అరుస్తున్నాయి.

పోలేరయ్యకు పాములంటే చచ్చేంత భయం. ఆ సంగతి అతని భార్య కామాక్షమ్మకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఆమె అప్పటికే పందిరి కింద ఉంది. కొంగులో చిక్కుడుకాయలు పోసుకుంటోంది.

వెనక్కి వచ్చేయమని అరవబోయాడు. అంతలోనే ఎండిన కొబ్బరి మట్టల కింద నుంచి, కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్ద బుస వినిపించింది. ఆ వెంటనే ఆమె కాలు విదిలించింది. కాయలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. మట్టల మధ్య నుంచి లావుపాటి ఒళ్ళు ఒకటి మెల్లగా జారిపోయింది. ఒంటి మీద గొలుసు లాంటి మచ్చలు.

రక్తపింజర.

చీలమండ పైన రెండు గాట్లు. సన్నగా కారుతున్న రక్తం ఆగడం లేదు. కామాక్షమ్మ ఏడవలేదు. మొగుడి చొక్కా పట్టుకుంది.

"ఏమయ్యా, నన్ను ఆసుపత్రికే గదా తీసకపొయ్యేది?"

"ఆసుపత్రికి గాక ఇంకేడికి? నువ్వు కదలొద్దు. మాట్లాడొద్దు."

పక్కింటి చెంచమ్మ గోడ మీదుగా తొంగి చూసి ఏమైందని అడిగింది. పాము కరిచిందని కామాక్షమ్మే చెప్పేసింది. చెంచమ్మ ఏమాత్రం కంగారు పడలేదు. "నువ్వుండావు గదన్నా," అని, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ లోపలికి పోయింది.

పోలేరయ్యకు ఒళ్ళంతా చెమట పట్టింది. భార్యను బండి మీద కూర్చోబెట్టి, పడిపోకుండా తువ్వాలుతో తన నడుముకు కట్టుకున్నాడు. వీధి గుండా పోతే దారి దగ్గర. కానీ వీధిలో నలుగురూ ఆపుతారు. దొడ్డివాకిలి తీసి బండిని కాలవ కట్ట మీదికి ఎక్కించాడు.

కట్ట నిండా గతుకులు. బండి ఎగిరిపడినప్పుడల్లా ఆమె మూలిగేది. ఆ మూలుగు వింటే అతనికి ప్రాణం లేచివచ్చేది. వినబడకపోతే పేరు పెట్టి పిలిచేవాడు. రొయ్యల గుంట దగ్గర కాపలావాడు అతన్ని చూసి లేచి దణ్ణం పెట్టాడు. పోలేరయ్య తల తిప్పుకున్నాడు. జేబులో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. బండి నడుపుతూనే తడిమి దాన్ని పూర్తిగా ఆపేశాడు.

ఇందుకూరుపేట వచ్చింది. అక్కడ ఆసుపత్రి ఉంది. కామాక్షమ్మ బండి ఆపమంది.

"ఈడొద్దు. ఇంకాస్త ఓర్చుకో. నెల్లూరికి పోదాం."

"అందాకా ఉంటానో లేదో."

అతను బండి వేగం పెంచాడు. కాసేపటికి భుజం మీద వెచ్చగా, తడిగా తగిలింది. తిరిగి చూశాడు. ఆమె చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు కాలు చూశాడు. ముందు ఇంకెక్కడికైనా తీసుకెళ్ళారా అని అడిగాడు. లేదు సార్, నేరుగా ఇక్కడికే, అన్నాడు పోలేరయ్య. డాక్టరు తలాడించి, ఆమె రక్తం కొంచెం గాజు గొట్టంలోకి తీసి బల్ల మీద నిలబెట్టించాడు. అది గడ్డకడితే భయం లేదన్నాడు.

పోలేరయ్య ఆ గొట్టం మీద నుంచి చూపు తిప్పలేదు. చివరికి నర్సు వచ్చి దాన్ని వంచింది. రక్తం నీళ్ళలా జారింది.

అతను అక్కడే కూలబడ్డాడు. ఇంజక్షన్ వెయ్యండి సార్, ఎన్నయినా వెయ్యండి, అని అదే మాట పదేపదే అన్నాడు. విరుగుడు మందు ఒక సీసా తర్వాత ఇంకో సీసా సెలైన్‌లో కలిపి ఎక్కించారు. అతను మంచం కోడు వదల్లేదు.

మధ్యాహ్నం దాటాక మళ్ళీ రక్తం తీశారు. ఈసారి గొట్టం వంచితే కదల్లేదు. గడ్డకట్టింది. చిగుళ్ళ రక్తం కూడా ఆగింది. కామాక్షమ్మ కళ్ళు తెరిచి మొగుడి చెయ్యి పట్టుకుంది.

"వెంటనే తెచ్చావు గనక బతికింది," అన్నాడు డాక్టరు. "ఇంకాస్త ఆలస్యమయ్యుంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు."

టీ తాగుదామని పోలేరయ్య గేటు దాకా నడిచాడు. పొద్దుటి నుంచి అప్పుడే మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

ఒక ఆటో దూసుకొచ్చి ఆగింది. ఇద్దరు కలిసి ఒక మనిషిని కిందికి దించారు. కాలు తొడదాకా వాచి నల్లబడింది. ముక్కులోంచి, నోట్లోంచి రక్తం. కళ్ళు సగం మూతలు పడ్డాయి. వెనకే దిగిన అతని భార్యకు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

ఆమె తలెత్తి పోలేరయ్యను చూసింది. అతను గబుక్కున పక్కకు తిరిగాడు. అప్పటికే గుర్తుపట్టేసింది. ఆమె ముఖంలోకి ఒక్కసారిగా వెలుగు వచ్చింది. లోపలికి తోస్తున్న స్ట్రెచర్‌కు చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. పరుగున వచ్చి అతని కాళ్ళ మీద పడింది.

"పొద్దున పాము కరిచినకాడ్నుంచి మీ వాకిట్లోనే పండబెట్టుకోని మీకోసం కాసుకోనుండాం సామీ, ఇప్పుడన్నా మా ఆయనకు మీ మంత్రం వెయ్యండి."