జానెడు ఎత్తు

కంచు గంట నేల మీది నుంచి జానెడు లేచి ఆగింది.

చర్చి ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

మాస్టారు మాత్రం క్రేన్ క్యాబిన్ వైపే చూస్తున్నారు. లోపల లీవర్ మీద చెయ్యి వేసి కూర్చున్నది ఆయన కూతురు.

గంట మీద మాస్టారి భార్య పేరు చెక్కి ఉంది. ఆవిడ పోయి ఈరోజుకి సరిగ్గా ఏడాది. గంట ఈరోజే గోపురం ఎక్కాలని ఆయన పట్టుబట్టారు. ఎక్కించేది కూతురే కావాలనీ పట్టుబట్టారు.

జానెడు లేచిన గంట మెల్లగా మళ్లీ నేలకు దిగింది.

అమ్మాయి క్యాబిన్ దిగి వచ్చింది.

"ఈరోజు వద్దు నాన్నా. పైన గాలి ఎక్కువగా ఉంది."

"గాలా? ఇక్కడ ఆకు కూడా కదలడం లేదు కదే!" పాటల బృందంలోని పెద్దమ్మ పాటల పుస్తకంతో విసురుకుంటూ అంది. "ఆ గాలేదో కాస్త కిందికి పంపవే తల్లీ, ఉడికిపోతున్నాం."

అందరూ నవ్వారు. అమ్మాయీ నవ్వింది.

"క్రేన్ కొసన గాలిని కొలిచే మీటరుంది పెద్దమ్మా. తొమ్మిది దాటితే ఎత్తకూడదు. పన్నెండు చూపిస్తోంది."

సంఘపెద్ద లేచాడు.

"క్రేన్ కంపెనీలో నిన్ను తాతమ్మ అంటారట, అన్నిటికీ అతిజాగ్రత్తేనని. ఎందుకో ఇప్పుడు తెలిసింది. తాళ్లు కట్టి పదిమందిమి పట్టుకుంటాం, ఎత్తమ్మా."

"ఊగిందంటే ఆ పదిమందినీ ఈడ్చుకుపోతుంది బాబాయ్. కింద ఉండేది మీరే."

"పొద్దుట్నుంచి ప్రార్థన చేస్తున్నాం. ఆ మాత్రం విశ్వాసం లేకపోతే ఎలా?"

"నేనూ ప్రార్థన చేసుకునే క్రేన్ తాళం తిప్పాను."

ఏం ప్రార్థన చేసిందో మాస్టారికి తెలుసు. రోజూ పొద్దున్నే స్టవ్ వెలిగించేముందు వాళ్లమ్మ చేసుకునేదే. ఇల్లు కట్టుకునేటప్పుడూ అదే, ఆస్పత్రి మంచం మీదా అదే. ఈ పూటకి సరిపడా జ్ఞానం ఇవ్వు తండ్రీ.

"మాస్టారూ, మీరైనా చెప్పండి," అన్నాడు సంఘపెద్ద. "కన్నతండ్రి మాట కాదంటుందా?"

ఎండకు గంట మీది పేరు మెరుస్తోంది. మాస్టారు దాన్నోసారి తడిమి, కూతురి దగ్గరికి వచ్చారు.

"నేను ఎత్తమంటే?" అని మెల్లగా అడిగారు.

"నువ్వన్నా ఎత్తను నాన్నా."

గొంతులో తొణుకు లేదు. గ్లవ్స్ తీసి గంట వైపు చూసింది.

"అమ్మ తేదీ దాటిపోతుంది," అంది. "తెలుసు."

మాస్టారు కూతురి చేతుల్ని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"దాటిపోనీలేమ్మా."

తర్వాత మైకు దగ్గరికి నడిచారు. కుర్చీల్లో గుసగుసలు ఆగిపోయాయి.

"ఈరోజు గంట ఎక్కదు," అన్నారు. "మా అమ్మాయి వద్దంది."

మైకు బాగానే పనిచేస్తోంది. చివరి వరుసలో ఉన్నవాళ్లకీ స్పష్టంగా వినబడింది.

అయినా ఆ రెండో మాట ఆయన ఇంకోసారి చెప్పారు.