నేనే మానేసేను

"రుఖియా అంటే నువ్వేనా అమ్మా?"

గుమ్మం ముందు నిలబడ్డ మనిషిని రుఖియా ఇదివరకెన్నడూ చూడలేదు. యాభై దాటిన వయసు, చేతిలో హెల్మెట్టు, చొక్కా నిండా దుమ్ము.

"నేనే. ఏటి కావాలండీ?"

"పాయకరావుపేట నుంచి వచ్చేను. ఒక్క మాట అడిగి ఎల్లిపోతాను. బట్టల కంపెనీలో ఉద్యోగం నువ్వే మానేసేవా, ఆళ్లు తీసేసేరా?"

అరుగు మీద బియ్యం ఏరుతున్న పక్కింటి అమీరున్నీసా చెయ్యి ఆగిపోయింది.

మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె అన్నారు. రుఖియాకు మీసాలు లేవు గానీ వీధిలో పరువుంది.

తనతో పనిచేసే నెలలు నిండిన గర్భిణిని కాసేపు కూర్చోనివ్వమని సూపర్‌వైజర్‌తో వాదించినందుకు, "రేపట్నుంచి రావద్దు" అని నోటిమాటతో పంపేశారు. ఉద్యోగం ఊడిందంటే ఏం దొంగిలించిందో అనుకునే వీధి అది. అందుకే అందరితోనూ తనే మానేశానని చెప్పుకుంది. లేబర్ ఆఫీసులో మాత్రం గుట్టుగా ఫిర్యాదు ఇచ్చి వచ్చింది.

ఆ పని మీద ఆమెకెంత బెంగో ఆమెకే తెలుసు. తెల్లారి కంపెనీ బస్సు హారన్ వినపడితే చేతులు వాటంతటవే జడ చుట్టుకుంటాయి. కాలర్లు కుట్టే తన మిషను మీద ఇప్పుడెవరు కూర్చున్నారో. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పి ఒకరి కూర ఒకరు లాక్కు తినే ఆ కాసేపటి కోసం ప్రాణం కొట్టుకుపోతోంది. ఇంట్లో ఒక్కతే తింటుంటే ముద్ద దిగడం లేదు.

"నేనే మానేసేను," అంది, సగం అనకాపల్లికి వినపడేలా.

ఆయన ముఖం చిన్నబోయింది.

"మళ్లీ పోవాలని లేదా అమ్మా?"

"ఆ ఉద్యోగం ఎవులిక్కావాల? కంపెనీవోళ్లు పంపేరేటి మిమ్మల్ని, కూపీ లాగడానికి?"

"లేదమ్మా. నీ నోట ఇందామని వచ్చేను. అయితే నేనే పొరపాటు పడ్డాను."

బండి స్టార్టు చేసి వెళ్లిపోయాడు. రుఖియా లోపలికెళ్లి, తలుపు వేసుకుని ఏడ్చింది. మళ్లీ పోవాలని లేదా అని ఇన్నాళ్లకి ఒక్కరు అడిగితే, వాళ్లని కూడా కసిరి పంపేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు లేబర్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

"నోటీసు లేకుండా, విచారణ లేకుండా ఇలా తీసేయడం చెల్లదమ్మా," అంది ఆఫీసరు రాజశ్రీ. "పని తిరిగి ఇప్పించమని అడిగే హక్కు మీకుంది. కానీ మీరే మానేశారని కంపెనీ అంటోంది. రావద్దన్నాక మీరు గేటు దగ్గరకి వెళ్లారా?"

"రోజూ ఎల్లేను మేడం. సాయంత్రం దాకా నిలబడ్డాను. లోపలికి రానివ్వలేదు."

"అది చూసిన సాక్షి ఒకాయన ఉండేవాడు. మానేసిన మనిషి రోజూ వచ్చి గేటు దగ్గర ఎందుకు నిలబడుతుంది అనేవాడు. మొన్న వచ్చి సాక్ష్యం చెప్పనన్నాడు. మీరే మానేశారని మీ నోటితోనే విన్నాడట."

రుఖియాకి హెల్మెట్టు పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు.

"పాయకరావుపేట ఆయనా మేడం?"

"అవును, చంద్రమౌళిగారు."

"వీధిలో పరువు కోసం అలా అన్నాను మేడం. ఆయన ఎక్కడున్నారో సెప్పండి, కాళ్లు పట్టుకుని అయినా తీసుకొత్తాను."

"నేనూ వెతికించాను. పని కోసం ఊళ్లు పట్టుకు పోయాడట. ఫోను కూడా పనిచేయడం లేదు."

"ఈ వయసులో ఊళ్లు పట్టుకు పోవడం ఏటి మేడం? ఆయనకి పని లేదా?"

రాజశ్రీ ఆమెను వింతగా చూసింది.

"ఆయన మీకు చెప్పలేదా? ఆ కంపెనీ కెమెరాల గదిలో ఉండేవాడు. మీరు గేటు దగ్గర నిలబడ్డ వీడియోలు చెరిపేయమంటే చెరపనన్నందుకు, ఆయన్ని కూడా మీలాగే నోటిమాటతో తీసేశారు."