మంచం మిషిను

"ఇంకో పది నిమిషాలు ఆగు నాయినా! తొంబై తొమ్మిది శాతం దాటింది!" అంటూ ప్రశాంతి పశువుల కొట్టంలోంచి పరుగెత్తుకొచ్చి బోరు బండికి అడ్డంగా నిలబడింది.

"బండోడు ఆగుతడా? మాపటికి హుజూర్‌నగర్ల ఇంకో బోరున్నదంట" అన్నాడు సోమయ్య. "నీ మంచం ఎప్పుడు లెక్క జెప్పాలె, మనం ఎప్పుడు నీళ్లు జూడాలె?"

మంచం అంటే నిజంగా మంచమే. కోదాడలో మూతపడ్డ నెట్ సెంటర్ నుంచి పద్దెనిమిది పాత కంప్యూటర్లు తెచ్చి, డబ్బాలు విప్పి, లోపలి బోర్డులను విరిగిన నవారు మంచం చట్రానికి వరసగా కట్టి, అన్నిటినీ తీగలతో ఒకటిగా కలిపింది ప్రశాంతి. వేడెక్కకుండా కింద మిర్యాలగూడ రైస్ మిల్లువాళ్లు తీసి పారేసిన ఫ్యాను పెట్టింది. సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పుకునే ఆమెకు పెద్ద పెద్ద సంస్థల్లో ఉండే కంప్యూటర్ ఎవరిస్తారు? ఊళ్లో ప్రతి బోరు లోతు, ఏ లోతులో ఏ రాయి తగిలిందో తిరిగి తిరిగి రాసుకొచ్చి, భూమి లోపల నీళ్లు ఎటు నడుస్తున్నాయో తేల్చే పని ఈ మంచానికే అప్పగించింది. తొమ్మిది రోజులుగా అది గుయ్యిమంటూ లెక్క కడుతూనే ఉంది.

సోమయ్య నమ్మకం మాత్రం సైదయ్య మీద. సైదయ్య అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ దానంతటదే లేచి నిలబడుతుంది. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్లకే ఆ విద్య అబ్బుతుందని ఆయనే చెబుతాడు.

"పోయిన రెండు బోర్లు గూడ ఈ తాత కొబ్బరికాయ జూపించినయే గద! రెండిట్ల దుమ్మే లేసింది" అంది ప్రశాంతి.

"అప్పుడు కాయ లేతది" అన్నాడు సోమయ్య.

"ఇది ముదురు కాయ బిడ్డా. పీసు జూడు" అన్నాడు సైదయ్య, ఏమాత్రం సిగ్గుపడకుండా. "మంచాలు నీళ్లు జూపెడితే ఇగ మేమెందుకు?"

రెండెకరాల మిరపతోట అప్పటికే వాడిపోయి ఉంది. ఇది మూడో బోరు. నాలుగోది వేయించే శక్తి ఆ ఇంటికి లేదు. "ఇది గూడ ఎండిందా, నీ మంచాన్ని పాత సామాన్లోడికి ఏస్త. మళ్ల దాని పేరెత్తొద్దు" అని పొద్దున్నే సోమయ్య ఖరాఖండిగా చెప్పేశాడు.

కొట్టంలో బీప్‌మని మోగింది. ప్రశాంతి ఒక్క ఉరుకున లోపలికి వెళ్లి, అంతకంటే వేగంగా బయటికొచ్చింది.

"వచ్చింది నాయినా! తేలింది! గదో, గాడ..."

"ఆగు!" అని అరిచాడు సోమయ్య. "నోటితో జెప్పకు. నువ్వు జెప్తే సైదయ్య కాళ్లు గాడికే పోతయ్. కాయితం మీద రాసి మీ అమ్మకియ్యి. రెండు ఒక్కకాడ కలిస్తే సరే. కలవకుంటే కాయ నిలబడ్డకాడనే బోరు."

ప్రశాంతి ముఖం మాడ్చుకుని చీటీ రాసిచ్చింది. రుక్కమ్మ దాన్ని విప్పకుండానే కొంగున ముడేసుకుంది. కూతురు కొట్టం గోడకు ఆనుకుని, ఇక తనకేం పట్టనట్టు ఫోన్ నొక్కుకుంటూ కూర్చుంది.

సైదయ్య కాయకు పసుపు రాసి కర్పూరం వెలిగించాడు. అంతలో ఆయన జేబులో ఫోన్ టింగుమంది. "ఈ కంపెనీ మెసేజ్‌లతోని పరేషానైతున్న" అని విసుక్కుంటూ కళ్లజోడు పెట్టుకుని చూసి, ఫోన్ కట్టేసి, తూర్పుకు తిరిగి దండం పెట్టాడు.

నడక మొదలైంది. తూర్పు గట్టు దగ్గర కాయ కదల్లేదు. నడి పొలంలోనూ కదల్లేదు. సైదయ్య పడమటి గట్టు దాకా పోయి వెనక్కి తిరిగాడు. కళ్లు మూతలు పడ్డాయి, పెదవులు ఏదో మంత్రం చదువుతున్నాయి. ఒక్కో అడుగూ కొలిచినట్టు వేస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. కాయ వణికింది, ఊగింది, లేచి నిటారుగా నిలబడింది!

"ఇప్పు కొంగు!" అని అరిచాడు సోమయ్య.

బోరు బండి నగేష్ చీటీ అందుకుని చదివాడు. "పడమటి గట్టు నుంచి నలబై రెండు అడుగులు. ఉత్తరం గట్టు నుంచి పద్దెనిమిది." టేపు పట్టి కొలిచాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. జానెడు కూడా తేడా లేదు.

"అమ్మో! రెండు ఒక్కటే జెప్పినయ్!" అని నోరు నొక్కుకుంది రుక్కమ్మ.

ఇక బండి ఆగలేదు. వందడుగులు, దుమ్ము. రెండొందలు, దుమ్మే. ప్రశాంతి గోళ్లు కొరుక్కుంటోంది. సోమయ్య మట్టిలో చతికిలబడ్డాడు. రెండొందల నలబై దగ్గర మట్టి తడిగా వచ్చింది. ఆ వెంటనే భూమి గర్జించినట్టై నీళ్లు తాటిచెట్టు ఎత్తున లేచాయి. సోమయ్య పైపంచె గాల్లోకి విసిరి, ఆ బురద నీళ్లలో చిన్నపిల్లాడిలా గంతులేశాడు. కూతుర్ని దగ్గరికి లాక్కుని ఏడ్చేశాడు.

"నేను జెప్పలే? కాయ అబద్ధం ఆడదు!" అన్నాడు. "నీ మంచం గూడ మంచిదే బిడ్డా, కాయ మాటనే జెప్పింది. దానికి గూడ ఒక కొబ్బరికాయ కొట్టు. ఇగ పాత సామాన్లోన్ని ఈ వాకిట్లకు రానియ్య."

అందరూ నీళ్ల దగ్గర కేరింతలు కొడుతుంటే, సైదయ్య తడిసిన రుమాలు పిండుకుంటూ ప్రశాంతి పక్కకు వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, ఆదివారం కోదాడల పిలిసిండ్రు, గా పొలం లెక్క గూడ నీ మంచానికి ఎయ్యి. ఈసారి మెసేజ్ జర ముందుగాల పంపు, అడుగులు యాది పెట్టుకునేటందుకు టైం సాల్తలేదు."