పదహారు ఆంపియర్లు

"నైనా! తలుపు తియ్యి నైనా!"

కార్తీశ్వరి రెండు చేతులా తలుపు బాదింది. అవతల తరి, అంటే రెండు మరమగ్గాలు, దడదడలాడుతున్నాయి. వాటి అదురుకే బయటి గడియ మళ్ళీ జారి పడి, ఆమె గదిలో చిక్కుకుంది. పాడు గడియ, మార్పించమని ఎన్నిసార్లు మొత్తుకుంది! తొమ్మిదింటికి బస్సు. పదింటికి కోవిల్‌పట్టి బళ్ళో ఫిజిక్స్ ప్రాక్టికల్. అది తప్పితే ప్లస్ టూ మొత్తం తప్పినట్టే. అమ్మ తెల్లారే గుడ్డ తీసుకుని విరుదునగర్ వెళ్ళింది. సెల్‌ఫోనా, అది వసారాలో చార్జింగుకి పెట్టి ఉంది.

"ఏమిటికే గొంతు సించుకునేది?" అంది మంచంలోంచి అవ్వ వల్లియమ్మాళ్. తుంటి విరిగి లేవలేదు గానీ ఆమె నోటికేం లోటు లేదు. "తరి ఆడేటప్పుడు దేముడే దిగొచ్చి పిలిసినా మీ నైనకి వినబడదు."

"అయితే తరినే నిలిపేస్తా."

"ఈడ కూసుకునేనా?"

"ఈడ కూసుకునే." కార్తీశ్వరి ఇస్త్రీపెట్టె తీసింది. మూల బకెట్టులో స్నానానికి నీళ్ళు కాచే కరెంటు రాడ్డు ఉండనే ఉంది.

"అయ్యో పాపా, రెండూ ఒకతూరి పెడితే ఫ్యూసు పోతాదే! మీ నైన తిట్టడా?"

"పోవాలనే గదవ్వా!"

రాత్రి నైన ముందు కూర్చుని అప్పజెప్పిన పాఠమే ఇది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్సు, హెచ్చిస్తే పవరు. ఇస్త్రీపెట్టె మీద వెయ్యి వాట్లని ఉంది. రెండువందల ముప్పైతో భాగిస్తే నాలుగు చిల్లర ఆంపియర్లు. రాడ్డుకు ఆరున్నర. మగ్గాలకు ఆరు.

"పదహారు దాటె. మన ఫ్యూజు తీగ పదిది. తాళదు."

"లెక్క తప్పితే?"

"తప్పదవ్వా!"

రెండు స్విచ్చులూ వేసింది. బకెట్టు గుయ్‌మంది. ఇస్త్రీపెట్టె ఎర్రలైటు వెలిగింది. మగ్గాలు మాత్రం ఆగలేదు. కార్తీశ్వరికి ఏడుపొచ్చింది. పరీక్షలో కాదు, ఇక్కడే ఫెయిలయ్యాను గదా అనుకుంది.

అంతలో టప్‌మంది.

మగ్గాలు ఆగిపోయాయి. ఇల్లంతా ఒక్కసారిగా చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

"గెట్టిదానివే!" అవ్వ పకపకా నవ్వింది.

కార్తీశ్వరి గబగబా స్విచ్చులు కట్టేసి, తలుపు సందులో కన్ను పెట్టింది. చెప్పుల చప్పుడైంది. ఎదురు గోడకే ఫ్యూజు పెట్టె. తలుపు వైపు వీపు పెట్టి, మూడు బారల దూరంలో నిలబడ్డాడు నైన కరుప్పయ్య.

"నైనా! గడియ పడిపోయె! తియ్యి!"

ఆ కేకకు గోడమీది బల్లి అదిరి కిందపడింది. కరుప్పయ్య తల తిప్పలేదు. తాపీగా తీగ మెలిపెడుతున్నాడు.

"నైనా!" తలుపు దబదబా బాదింది.

"ఒరే కరుప్పా!" అవ్వ కూడా గొంతెత్తింది.

ఆయన ఫ్యూజు గుచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

కార్తీశ్వరి తలుపుకు ఆనుకుని అట్లాగే కిందికి జారింది. బస్సు మాటే మరిచిపోయింది.

"అదేమే?" అంది అవ్వ, బిక్కమొహం వేసుకుని. "రాత్రి నువ్వు పాఠం అప్పజెప్తా ఉంటే, నీ నోటినే చూసుకుంటా, తలాడించి తలాడించి అంతా విన్నాడు గదా వాడు?"