బెత్తెడు ఎడం

"తాతా, ఆ సైకిలు కాస్త అటు జరిపితే మధ్యలో నాది పట్టేస్తుంది."

తెజిమా విసుగు దాచుకోలేదు. ఫ్యాక్టరీ లోపల రోజూ పొద్దున అందరిచేతా చేయించే రేడియో వ్యాయామం పాట మొదలైపోయింది. వరసలో నిలబడి చేతులు చాచాల్సిన తను ఇంకా గేటు దగ్గరే సైకిలు పట్టుకుని ఉన్నాడు.

షెడ్డులో సైకిళ్లు సర్దే ముసలాయన తెల్ల చేతితొడుగులు సర్దుకున్నాడు.

"ఆ చివర ఖాళీ ఉంది బాబూ."

"అంత దూరమా! అసలు సైకిలుకీ సైకిలుకీ మధ్య ఇంత ఎడమెందుకు?"

"బెత్తెడే కదా."

"ఆ బెత్తెళ్లన్నీ కలిపితే ఇంకో ముప్పై సైకిళ్లు పడతాయి!"

"ఇప్పుడన్నీ సన్నవే. రేపు వెడల్పువి వస్తే?"

"రేపటి సంగతి రేపటివాళ్లు చూసుకుంటారు."

"వాళ్లకీ చోటుండాలి కదా బాబూ," అని ముసలాయన నవ్వాడు.

ఆ నవ్వుకి తెజిమాకి ఒళ్లు మండింది.

కుసునోకి మోటార్స్‌లో అతను ఇంజన్ల డిజైనరు. అక్కడ ప్రతివాళ్లూ నెలకు రెండు సలహా చీటీలు రాసివ్వాలి. ఆ నెల తెజిమాకి ఒకటి తక్కువైంది. మధ్యాహ్నం టేపు పట్టుకెళ్లి షెడ్డంతా కొలిచాడు. కుదురుగా బొమ్మ గీశాడు. ఎడం తీసేసి ఇనప కమ్మీలు బిగిస్తే ముప్పై సైకిళ్లు ఎక్కువ పడతాయని కింద రాశాడు.

సలహా నెగ్గింది. అతనికి బహుమతిగా ఒక తువ్వాలు ఇచ్చారు.

కమ్మీలు వచ్చాక సర్దే మనిషితో పనేముంది? ముసలాయన్ని మానిపించారు.

ఆఖరి రోజున ఆయన గేటు దగ్గర తెజిమా కోసం కాచుకుని ఉన్నాడు. చేతిలో సంచీ నిండా పెర్సిమన్ పళ్లు.

"ఇవి మా పెరట్లోవి. షెడ్డు బొమ్మ మీరే గీశారట కదా. చూశాను. ఒక్క గీత కూడా అనవసరంగా లేదు."

దెప్పుతున్నాడేమోనని తెజిమా ఆయన మొహంలోకి చూశాడు. అలాంటిదేం కనబడలేదు.

"ఇక ఇంటిపట్టున హాయిగా ఉండండి తాతా."

"ఏం హాయి బాబూ! ఇంట్లో ఇంజన్ల చప్పుడు వినబడదు," అని ముసలాయన నడుం వంచి దండం పెట్టి వెళ్లిపోయాడు.

తెజిమా పళ్లు తిన్నాడు. చాలా తీయగా ఉన్నాయి. అంతటితో ఆ సంగతి మర్చిపోయాడు.

వసంతం వచ్చేసరికి పైనుంచి పిడుగు పడింది.

"మన పదమూడు వందల సీసీ ఇంజన్ చాలదట," అన్నాడు చీఫ్. "పదిహేను వందలు కావాలట. ఇదే లైనులో, ఇవే యంత్రాలతో. కాదంటే లైను మూసేస్తారు తెజిమా. రెండొందల మంది పిల్లాపాపలతో వేరే ఊళ్లకి మూటలు కట్టుకోవాలి."

సిలిండర్లు వెడల్పు చేస్తే చాలు. కానీ ఒకదాన్నానుకుని ఒకటి నాలుగూ ఒకే వరసలో ఉంటాయి. ఒకటి పెరిగితే పక్కదానితో ఉన్న గోడ పల్చబడుతుంది. గోడ పల్చబడితే వేడికి పగులుతుంది. పోనీ దూరంగా జరుపుదామంటే రంధ్రాలు తొలిచే యంత్రాలు కదలవు.

తెజిమా పాత డ్రాయింగు ముందు పరుచుకున్నాడు. ఇరవై రెండేళ్ల కిందటిది. ఆ ఇంజన్‌లో సిలిండర్ల మధ్య ఆరు మిల్లీమీటర్ల ఇనుము ఎక్కువే ఉంది. ఉత్త బరువు, ఎవడు గీశాడోనని అతను రెండేళ్లుగా తిట్టుకున్నది దాన్నే.

లెక్క వేశాడు. మళ్లీ వేశాడు. మూడోసారి పెన్సిలు కింద పెట్టేశాడు.

సరిగ్గా ఆరు మిల్లీమీటర్లే కావాలి.

కొత్త ఇంజన్ను పరీక్ష బల్ల మీద బిగించి మూడొందల గంటలు పూర్తి వేగంతో తిప్పారు. గోడ పగల్లేదు. లైను బతికిపోయింది. యంత్రాల మీద పనిచేసేవాళ్లు ఒక్కొక్కరే మేడెక్కి వచ్చి తెజిమాకి దండాలు పెట్టారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ దండాలు తనవి కావని తెజిమాకి తెలుసు.

వెంటనే డ్రాయింగుల గదికి పరుగెత్తాడు. ముప్పై ఏళ్లుగా ఆ గది చూసుకుంటున్న పెద్దావిడ ఓతగురో గారు కళ్లద్దాలు తుడుచుకుని, డ్రాయింగు మూలన గీసినవాళ్లు వేసే ఎర్ర పేరు ముద్ర మీద వేలు పెట్టింది.

"ఉబుకత గారిది నాయనా. ఈ ఆరు మిల్లీమీటర్ల మీద అప్పట్లో ఎంత గొడవో! ఇనుము దుబారా అన్నారు. రేపు పెద్దది కావాలంటే ఏం చేస్తారని ఆయన మొండికేశాడు. డ్రాయింగు బల్ల లాగేసుకుని ఆయన్ని గోదాము పనిలో పడేశారు పాపం."

"ఇప్పుడెక్కడున్నారమ్మా? ఈ పూటే వెళ్లి ఆయన కాళ్ల మీద పడాలి. మా అందరినీ నిలబెట్టారు."

"జనవరిలోనే పోయాడు."

తెజిమా ఆ ఎర్ర ముద్ర ముందు నడుం వంచి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ముఖం చూడని మనిషి మీద అంత కృతజ్ఞత పుడుతుందని అతనికి అంతవరకు తెలియదు.

"గోదాములోనే రిటైరయ్యారా?" అని అడిగాడు చివరికి.

"అయ్యాక కూడా వదల్లేదు. ఇంజన్ల చప్పుడు వినబడే చోట ఏ పనైనా చాలన్నాడు."

"ఏ పనిచ్చారు?"

ఓతగురో గారు డ్రాయింగు జాగ్రత్తగా చుట్టసాగింది.

"సైకిళ్లు సర్దే పని. అదీ పోయాక చూడ్డానికి వెళ్తే మంచంలో ఒకటే మాట నాయనా, షెడ్డు బొమ్మ గీసిన కుర్రాడి చెయ్యి చాలా మంచిదట, తన ఇంజన్ ఎప్పటికైనా అతని చేతిలో పడాలట."