కొత్త బ్యాటరీ

"ఆపవే! అది కుట్టుమిషను కాదు, ఖరీదైన ఫోను."

మొగుడు మొత్తుకుంటున్నా వినకుండా, దర్జీ పని చేసే భార్య హెయిర్ డ్రయ్యర్‌తో జిగురు కరిగించి, అతని ఫోను వెనక మూత ఊడదీసింది. బజారులో కొన్న కొత్త బ్యాటరీ బిగించింది.

ఫోను వెలిగింది. 'బ్యాటరీ కంపెనీది కాదు, వేగం తగ్గిస్తున్నాం' అని తెరమీద పడింది.

"చూశావా! గొప్ప వస్తువు మరి. ఎవరు పడితే వాళ్లు చెయ్యి పెడితే ఊరుకోదు."

"నా మిషన్‌కి పాతికేళ్లుగా బజారు సూదులే పెడుతున్నా. ఒక్కనాడూ మూతి ముడవలేదు. అది నాది."

"ఇదీ నాదే!"

"అయితే ఆ రాత చెరిపెయ్యండి, ఓనరుగారూ."

అతను నొక్కాడు. గట్టిగా నొక్కాడు. రాత కదల్లేదు.

ఆమె మిషను తొక్కుతూ అంది: "మన కరెంటు తిని కంపెనీవాడి మాట వింటోంది."